దొరల బడి, రెండేళ్ల వీసా

ఆగస్టు నెలాఖరు. దుబాయిలో గడప దాటితే మాడు పగిలే ఎండ. ఆ ఎండలో నాలుగేళ్ల తెలుగు బుడతడొకడు మెడకు టై, ఒంటికి బ్లేజరు, జేబు మీద పంజా ఎత్తిన సింహం, దాని కింద ఒక లాటిన్ ముక్క తగిలించుకుని బడి బస్సు కోసం నిలబడ్డాడు. ఆ సింహం ఏ అడవిదో, ఆ లాటిన్‌కి అర్థమేమిటో వాడికీ తెలియదు, ఫొటో తీస్తున్న నాన్నకీ తెలియదు. ఫొటో మాత్రం బస్సు రాకముందే నరసరావుపేట చేరింది. "ఏ క్లాసురా మనవడు?" అని నాయనమ్మ ఫోను. "ఎఫ్ఎస్ టూ అమ్మా." "అంటే ఎఫ్.ఆర్.సి.ఎస్. లాంటిదా?" ఫీజు కూడా చెప్పి ఉంటే ఆవిడ అనుమానం నిశ్చయమైపోయేది.

బిడ్డకి బ్రిటిష్ బడిని వెతకడం గల్ఫ్ తెలుగువాళ్లలో ఇప్పుడొక శాస్త్రం. పెళ్లిసంబంధానికి కూడా ఇన్ని ఆరాలు తీయరు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్న సామెత పాతబడింది. ఇప్పుడు సోమలింగానికి ఏ బడి వెయిటింగ్ లిస్టులో పేరు రాయించాలన్నది సీమంతం నాడే తేలిపోవాలి.

శాస్త్రంలో మొదటి సూత్రం: ఫీజు తక్కువైతే బడి మంచిది కాదు. ఇండియన్ సిలబస్ బడిలో ఏడాదికి పది, పదిహేను వేల దిర్హాములతో పోయే చదువు ఇక్కడ యాభై, అరవై వేలు, పేరున్న చోట ఇంకా పైన. అరవై వేలంటే మన డబ్బుల్లో పద్నాలుగు లక్షల పైమాటే. ఆ అంకె విని గుండె గుభేలుమన్నాకే తండ్రికి బడి మీద గురి కుదురుతుంది.

రెండో సూత్రం పైకి ఎవరూ అనరు: బడిలో మనవాళ్లు తక్కువ ఉండాలి. దుబాయి ప్రభుత్వ సంస్థ కె.హెచ్.డి.ఎ. ప్రైవేటు బడులను తనిఖీ చేసి, 'ఔట్‌స్టాండింగ్' మొదలుకుని 'వెరీ వీక్' దాకా ఆరు మెట్ల మీద నిలబెట్టి, ఆ నివేదికలు ఎవరైనా చదువుకునేలా బయట పెట్టింది. వాటిలో బడి వివరాల పట్టిక ఒకటుంటుంది. ఒక్కో టీచరుకు ఎంతమంది పిల్లలు, ఎంత శాతం టీచర్లు మానేసి వెళ్లిపోయారు, పిల్లల్లో ఏ దేశంవాళ్లు ఎక్కువ, అన్నీ అందులోనే. తండ్రిగారి వేలు మొదటి రెంటినీ జారిపోయి మూడోదాని మీద ఆగుతుంది. అక్కడ 'ఇండియన్' అని కనబడిందా, ఆ మొహంలో నెత్తురు చుక్క ఉండదు. "మళ్లీ మనవాళ్లేనా! ఈమాత్రానికి ఇంత డబ్బు పోయడమెందుకు?" ఈయన పాస్‌పోర్టు అట్ట మీద కూడా సింహాలే ఉన్నాయి. ఎందుకో ఆ సింహాలకి పరువు చాలలేదు.

తమాషా ఏమిటంటే పై అంతస్తు తమిళాయనా, పక్క టవర్ గుజరాతీ ఆయనా ఇదే పట్టిక చూసి, ఇదే లెక్క వేసి, ఇదే బడికొస్తారు. మనవాళ్లనుంచి పారిపోయిన మనవాళ్లంతా కలిసి ఒకే క్లాసులో తేలతారు. ఆ తర్వాతి పట్టికలో 'ఇండియన్' అని పడుతుంది. అందరూ ఇంకో పది వేలు ఎక్కువ ఫీజున్న బడి వైపు చూస్తారు.

మూడో సూత్రం: బడిలో చదువు తప్ప అన్నీ చూడాలి. ఇది ఓపెన్ డే నాడు ఆచరణలోకి వస్తుంది. గుమ్మంలో కాఫీ, క్రోసాంట్లు. తర్వాత ఊరేగింపు: థియేటర్, రోబోలు, సంగీతం గది, ఈత కొలను. "పూల్‌లో నీళ్లు ఎండాకాలం చల్లబరుస్తారా?" ఒక తల్లి సందేహం. "హౌస్‌లు ఉన్నాయా?" హ్యారీ పాటర్ చూసిన ఇంకో తల్లి. చివరికి ఒక తండ్రి గొంతు సవరించుకుని అసలు విషయానికొచ్చాడు: "మేడమ్, మావాడికి బ్రిటిష్ యాక్సెంట్ ఎన్నాళ్లలో వస్తుంది?" అడ్మిషన్స్ మేడమ్ చిరునవ్వు చెదరలేదు. ఏ బిడ్డ ఎదుగుదల ఆ బిడ్డదే అని తియ్యగా సెలవిచ్చింది. ఆ ఉచ్చారణకే మురిసిపోయి అడ్వాన్సు కట్టి బయటికొచ్చాక తెలిసింది, మేడమ్‌ది కొట్టాయం అని.

ఇంతకీ ఆ బ్రిటన్‌లో పిల్లలేం చేస్తారు? నూటికి తొంభైమందికి పైగా ఫీజు లేని సర్కారు బడికి పోతారు. ఫీజులు కట్టే కొద్దిమంది మీద అక్కడి ప్రభుత్వం 2025 జనవరి 1 నుంచి 20 శాతం వ్యాట్ వేస్తే గగ్గోలు పుట్టింది. మనం 'బ్రిటిష్ కరిక్యులమ్' అని కళ్లకద్దుకునేది ఇంగ్లండ్‌ది. పక్కనే ఉన్న స్కాట్లాండ్‌కి తన చదువు తనకుంది. మన పిల్లలు రాసే ఐజీసీఎస్ఈని కేంబ్రిడ్జివారు 1988లో మొదలుపెట్టింది బయటి దేశాల పిల్లల కోసం. ఇంగ్లండ్ సర్కారు బడి పిల్లలు రాసేది జీసీఎస్ఈ. అంటే మనం కొంటున్నది ఎక్స్‌పోర్ట్ సరుకు. బాస్మతి బియ్యం దగ్గర్నుంచీ మనకి ఎక్స్‌పోర్ట్ క్వాలిటీ అంటే మోజే కదా. 1557లో పుట్టిన రెప్టన్ స్కూలు పేరు 2007లో దుబాయికి దిగింది. నాలుగు వందల యాభై ఏళ్ల చరిత్ర ఒక్క రిబ్బన్ కత్తిరింపుతో వచ్చేస్తుంటే ఎవరికి చేదు?

ఈ మోజు విమానం ఎక్కాక పుట్టిందేమీ కాదు. నిజాం ఏలుబడిలో 1923లో జాగీర్దారుల కొడుకుల కోసం ఇంగ్లండ్‌లోని ఈటన్ నమూనాలో హైదరాబాదులో జాగీర్దార్ కాలేజీ పెట్టారు. జాగీర్లు రద్దయ్యాక, 1951లో అదే హైదరాబాద్ పబ్లిక్ స్కూల్ అయింది. జాగీర్దారుకి కనీసం జాగీరుండేది. మనవాడికున్నది రెండేళ్ల వీసా.

ఉద్యోగం ఉంటేనే ఆయన వీసా. ఆయన వీసా ఉంటేనే భార్యాబిడ్డల వీసా. ఎఫ్ఎస్ వన్ నుంచి ఇయర్ థర్టీన్ దాకా చదువేమో పదిహేనేళ్లు. రెండేళ్లకోసారి గండం గట్టెక్కాల్సిన కాపురం పదిహేనేళ్ల దర్జాకి సంతకం పెడుతుంది. సంతకం అన్నది మాటవరసకి కాదు. టర్ముకొకటి చొప్పున ముందు తేదీలు వేసిన చెక్కులు అకౌంట్స్ కౌంటర్‌లో ఇచ్చి రావాలి. ఆఫీసులో అద్దాల గది ఇంగ్లిషాయనకి పిల్లల ఫీజు కంపెనీయే కడుతుంది. బయట కూర్చున్న మనవాడికి కంపెనీ ఇచ్చేది ఊరెళ్లడానికి విమానం టికెట్టు. అప్పు చేసి పప్పు కూడన్నారు పెద్దలు. కూడు కనీసం కడుపులోకి పోయేది.

ఒక నెలాఖరున కంపెనీ చెయ్యిచ్చిందనుకోండి. ఇంటిదారి ఎంత పొడుగో అప్పుడు తెలుస్తుంది. మే, జూన్‌లలో రాసిన ఐజీసీఎస్ఈకి ఫలితాలొచ్చేది ఆగస్టులో. అప్పటికి మియాపూర్‌లో, బెంజి సర్కిల్ దగ్గర ఇంటర్ పిల్లలు వీకెండ్ టెస్టుల మీద టెస్టులు రాసేస్తుంటారు.

ఉద్యోగం నిలబడినా గండం తప్పదు. ఇయర్ టెన్ వచ్చేసరికి నాన్నగారికి హఠాత్తుగా ఎన్ఐటీ గుర్తొస్తుంది. విదేశాల్లో చదివినవాళ్లకి దాసా పథకం ఉంది. సీటిచ్చేది మాత్రం జేఈఈ మెయిన్ ర్యాంకు చూసే. అందుకని ఏ-లెవెల్స్‌లో మూడే సబ్జెక్టులు తీరిగ్గా, లోతుగా చదవాల్సిన పిల్ల శని, ఆదివారాలు ఆన్‌లైన్లో కోచింగు తీసుకుంటుంది. చెప్పేది కూకట్‌పల్లి మాస్టారు. దాసాలో ఫీజు రాయితీ కావాలంటే ఇంకో గడి నింపాలి: గల్ఫ్‌లో పనిచేసే భారతీయ కార్మికుల పిల్లల కేటగిరీ. పదిహేనేళ్లు దొరబాబు వేషం కట్టించిన తండ్రి, ఫీజు తగ్గుతుందనగానే, నేను కార్మికుణ్ణి బాబయ్యా అని చేతులు జోడిస్తాడు. ఆ ముక్క మొదటి రోజే ఒప్పుకుని ఉంటే ఎంత డబ్బు మిగిలేది!

ఇక భాష సంగతి. అరబ్బీ తప్పనిసరి. ఆ దేశంలో ఉన్నప్పుడు అది సబబే. దర్జాకి ఫ్రెంచి. తెలుగు ఊసెత్తడానికి మనకే నామోషీ. ఇంగ్లండ్ జీసీఎస్ఈలో ఉర్దూ, పంజాబీ, బెంగాలీ, గుజరాతీ ఉన్నాయి. తెలుగు లేదు. మనవాళ్లు తక్కువుండే చోటు కోసం ఇంత వెతికాం గదా, దొరికింది.

బ్రిటిష్ బడులన్నీ బూటకమని అనడం లేదు. బట్టీ లేకుండా, ప్రశ్న అడిగిన పిల్లవాడికి మొట్టికాయ పడకుండా చదువు చెప్పే బడులు దుబాయిలో ఉన్నాయి. మన సిలబస్ బడులు మునివాటికలేమీ కావు. సెక్షన్ నిండా పిల్లల్ని కుక్కి, ఆరో క్లాసుకే 'ఐఐటీ ఫౌండేషన్' అంటగట్టే ఘనులు అక్కడా ఉన్నారు. ఏ బడైనా కొనేవాడి చూపు బ్లేజరు దగ్గరే ఆగిపోతే అమ్మేవాడు బ్లేజరే అమ్ముతాడు.

కాబట్టి ఈసారి ఓపెన్ డేకి వెళితే మూడంటే మూడు ప్రశ్నలు అడగండి. పోయినేడు ఈ క్లాసుకి చెప్పిన టీచరు ఇప్పుడెక్కడున్నారు? మధ్యలో నా ఉద్యోగం పోతే కట్టిన ఫీజులో వెనక్కొచ్చేదెంత? మావాడు రేపు ఇండియాలో సీబీఎస్ఈకి మారితే ఏ క్లాసులో కూర్చుంటాడు? మేడమ్ తడుముకోకుండా జవాబు చెప్పిందా, కళ్లు మూసుకుని చేర్పించండి. "ముందు మా పూల్ చూడండి సార్" అందా, దణ్ణం పెట్టి వచ్చేయండి. పిల్లవాడికి ఈత నేర్పించడానికి ఏటా పద్నాలుగు లక్షలు అక్కర్లేదు.