ప్రశాంత వాతావరణము, బస్సు సౌకర్యము కలదు

ఎప్‌సెట్ ర్యాంకులు వచ్చిన మర్నాటికల్లా గౌలిపురా, అలియాబాద్, లాల్‌దర్వాజా గల్లీల్లో కరెంటు స్తంభాలకు చదువు మీద శ్రద్ధ పుట్టుకొస్తుంది. ఒక్కో స్తంభానికి నాలుగు ఫ్లెక్సీలు. అన్నింట్లో అదే పచ్చిక, అదే నీలాకాశం, చేతిలో ఫైలుతో ఎటో చూసి నవ్వే అదే అమ్మాయి. కింద రాత కూడా ఒక్కటే: పల్లె ఒడిలో ప్రశాంత వాతావరణం, కుటుంబం లాంటి క్యాంపస్, బస్సు సౌకర్యము కలదు.

పాతబస్తీ పిల్లలు ఇబ్రహీంపట్నం, మొయినాబాద్, చేవెళ్ల, ఘట్‌కేసర్ దారి పట్టేది ఈ పల్లె ప్రేమతోనేనని అక్కడి ఇంజనీరింగ్ కాలేజీల యాజమాన్యాలు నమ్ముతున్నట్టున్నాయి. అందరికీ అందరూ తెలిసిన చిన్న లోకం, పేరు పెట్టి పిలిచే సార్లు, ఆప్యాయతలు. వీటికోసం మా పిల్లలు మొహం వాచి ఉన్నారట!

మా పిల్లలకు ఆ కొరత ఉందని వీళ్లకెవరు చెప్పారో గానీ, శాలిబండ చౌరస్తాలో ఒక పోరడు సిగరెట్ ముట్టిస్తే అది సగం కాలేలోపు కబురు ఇంట్లో ఉంటుంది. ఇరానీ హోటల్ గల్లాపెట్టె దగ్గరి పెద్దాయనకు వాడి తండ్రి పేరే కాదు, వాడి తాత ఎగ్గొట్టిన చాయ్ బాకీ కూడా గుర్తే. బోనాలనాడు ఏ ఇంటి బోనం ఆలస్యంగా కదిలింది, ఆ ఇంట్లో పొద్దున ఎవరికెవరికి మాట పడింది అన్నది ఊరేగింపు సింహవాహిని గుడి చేరకముందే తేలిపోతుంది. ఇంత ఆప్యాయతలో పద్దెనిమిదేళ్లు నానినవాడు ఇంకో ఆప్యాయతను వెతుక్కుంటూ ఔటర్ రింగ్ రోడ్డు దాటుతాడా? వాడు పోయేది ఆప్యాయత నుంచి తప్పించుకోవడానికి.

ఎందుకైనా మంచిదని, మూడో సంవత్సరం చదువుతున్న మా గల్లీ పిల్లవాణ్ణి అడిగాను.

“ఏం చూసి ఆ కాలేజీ పెట్టినవ్ రా?”

“బస్సు మన అలియాబాద్‌ల ఆగుతది కాకా.”

“ఇంకా?”

“కంప్యూటర్ సైన్స్‌ల సీటొచ్చింది గద.”

“మరి ఆ ఊరు ఎట్లుంటది?”

“ఏ ఊరు?”

మూడేళ్లుగా వాడు పల్లె ఒడిలో ఉన్నాడు. ఆ సంగతి వాడికింకా ఎవరూ చెప్పలేదు.

బస్సు అంటే నవ్వకండి. జేబీఎస్ నుంచి ఫలక్‌నుమా దాకా అని కాగితం మీద బయల్దేరిన మెట్రో, 2020 ఫిబ్రవరిలో ఎంజీబీఎస్ వరకు వచ్చి అక్కడే చతికిలబడింది. పాతబస్తీ మెట్రోకు 2024 మార్చిలో ఫలక్‌నుమాలో ఘనంగా శంకుస్థాపన చేశారు. ఈలోగా కాలేజీల పసుపు బస్సులు ఏ శంకుస్థాపనా లేకుండానే పొద్దున ఏడింటికి గల్లీ మొగన వచ్చి హారన్ కొడుతున్నాయి. బ్రోషర్ చెప్పే కుటుంబం ఎక్కడైనా ఉంటే ఆ బస్సులోనే ఉంది: సీటు ఆపడాలు, అలగడాలు, అసైన్‌మెంట్లు దింపుకోవడాలు, కుదిరితే పెళ్లి దాకా పోయే పరిచయాలు. కాలేజీ అన్నది ఆ బస్సు మధ్యలో కాసేపు ఆగే చోటు.

రెండో ఆకర్షణ ఫీజు రీయింబర్స్‌మెంట్. 2008 నాటి పథకం. బీసీ విద్యార్థికి పదివేల లోపు ర్యాంకైతే ఫీజు మొత్తం, ఆపైన 35 వేలు. ఇస్తామనడానికి ఒక్క జీవో చాలు, ఇవ్వడానికే ప్రభుత్వాలు మారాలి. బకాయిల కోసం 2025 నవంబరులో ప్రైవేటు కాలేజీలే బంద్ పెట్టి కూర్చున్నాయి. పిల్లవాడు ఒక్కపూట రాకపోతే 75 శాతం హాజరు అంటూ తండ్రి ఫోనుకు మెసేజ్ కొట్టేవాళ్లు, తామే గేటుకు తాళం వేసుకున్నారు. కుటుంబం లాంటి క్యాంపస్ అన్నది ఇక్కడ మాత్రం నిజమే. పెద్దలు డబ్బు దగ్గర కొట్లాడుకుంటుంటే పిల్లలు వాకిట్లో నిలబడ్డారు.

ఇక ఆ పచ్చదనం. దాని మీద మాకూ కొంత హక్కుంది. 1908లో మూసీ పొంగి ఈ బస్తీల్లో వేలమందిని మింగితే, మళ్లీ అంతపని జరక్కూడదని ఎగువన 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ కట్టారు. ఆ చెరువులు పాడుకాకూడదని 1996లో 111 జీవో తెచ్చి, చుట్టూ పది కిలోమీటర్ల దాకా పెద్ద హోటళ్లు, కాలనీలు, కాలుష్యం చేసే పరిశ్రమలు వద్దన్నారు. ఇంజనీరింగ్ కాలేజీ ఈ మూడింట్లో ఏదీ కాదు కనుక (మూడోదే అనేవాళ్లూ ఉన్నారు) మొయినాబాద్ వైపు అవి హాయిగా వెలిశాయి. మా తాతల ప్రాణాలు పోసి కాపాడిన గాలిని మా మనవలకే బస్సు ఫీజుతో కలిపి అమ్ముతున్నారు. 2022లో 69 జీవోతో ఆ ఆంక్షలూ సడలించారు గనక, ఫ్లెక్సీలో పచ్చిక ఎన్నాళ్లుంటుందో ఫోటో తీసినవాణ్ణే అడగాలి.

పల్లెలో నిజంగా ఒకరినొకరు పట్టుకుని ఉండే కాలేజీ కావాలంటే బాసర పోవాలి. 2008లో గ్రామీణ పిల్లల కోసమే పెట్టిన ట్రిపుల్ ఐటీ అది. పదో తరగతి మార్కులతో సీటు, సర్కారు బడి పిల్లలకు అదనపు స్కోరు, అక్కడే ఆరేళ్లు. బ్రోషర్‌తో పనిలేదు. అయినా వాళ్ల ఐకమత్యం 2022 జూన్‌లో లోకమంతా చూసింది. రెగ్యులర్ వీసీ సహా 12 డిమాండ్లు రాసుకుని, వేలమంది పిల్లలు ఎండకీ వానకీ చలించకుండా రోజుల తరబడి గేటు దగ్గర బైఠాయించారు. కుటుంబ వాతావరణం మరీ అంత బలపడటం మాత్రం ఏ యాజమాన్యానికీ నచ్చదు.

మరి మా సొంత కాలేజీ? నయాపూల్ దగ్గర, హైకోర్టు సరసన సిటీ కాలేజీ ఉంది. విన్సెంట్ ఎష్ గీసిన భవనం. 1952లో ముల్కీ ఉద్యమం కాల్పుల దాకా పోయింది దాని ముందే. ఘట్‌కేసర్ బస్సు అటుగా పోయేటప్పుడు మా పిల్లలు కిటికీలోంచి తలెత్తి “హైకోర్ట్ మస్తుంది” అని మళ్లీ ఫోన్లోకి పోతారు.

ఆ సిటీ కాలేజీకే చేవెళ్ల వైపు నుంచి ఒక పిల్లవాడు వచ్చి డిగ్రీలో చేరాడు. వాళ్ల ఊరి చేలల్లోనే రెండు ఇంజనీరింగ్ కాలేజీలున్నాయి. “ఊర్ల అందరు ఎరుకే సార్, ఏం చేసినా నాయినకు తెలుస్తది. ఈడైతే ఎవ్వలు గుర్తువట్టరు” అన్నాడు, శాలిబండలో చాయ్ తాగుతూ. గల్లా దగ్గరి పెద్దాయన చిల్లర ఇస్తూ వాణ్ణి ఎగాదిగా చూశాడు.

“కూరగాయల బండి తోలే ఆయన కొడుకువు గదా బిడ్డా? సిగరెట్ తాగుతున్నవంట?”