చక్రానికి జాతకం కుదిరిందా?

పెళ్లి సంబంధం కుదర్చడం కష్టమంటారా? అయితే మీరు అమెరికాలో చిన్న విమానానికి చక్రం మార్చిన పాపాన పోలేదన్నమాట.

సెస్నా 172నే తీసుకోండి. నాలుగు సీట్లు, ఒక్క ఇంజను. ప్రపంచంలో ఇంతకంటే ఎక్కువగా తయారైన విమానం మరొకటి లేదు. 44 వేలు దాటాయి. మన ఫ్లయింగ్ స్కూళ్లలోనూ ఎందరో కుర్రాళ్లు దీనిమీదే ఓనమాలు దిద్దుకుంటారు. అలాంటి విమానానికి చక్రం బీటలిచ్చింది. కొత్తది బిగించాలి. అందులో ఏముంది?

ఏముందా? గోత్రాలున్నాయి, ప్రవరలున్నాయి! కొన్ని 172లకు క్లీవ్‌లాండ్ చక్రం. కొన్నిటికి మెకాలీ. రెండూ మోసేది 6.00-6 టైరునే. దూరం నుంచి చూస్తే కవలలే. దగ్గరికొస్తే పొత్తు కుదరదు. దీని సగం దాని సగంతో కలవదు. కాబట్టి మీ విమానం సీరియల్ నంబరు పట్టుకుని కేటలాగు తిరగేయాలి. పార్ట్ నంబరు వెతకాలి. దాని చివర ‘ఏ’ ఉందో ‘బీ’ ఉందో కళ్లద్దాలు తుడుచుకుని చూడాలి. ఆపైన ఫారం 8130-3 అనే జన్మపత్రిక. అది లేకపోతే తళతళలాడే చక్రమైనా మెకానిక్ ముట్టుకోవడానికి జంకుతాడు. సంతకం పెట్టేది అతనే మరి. రేపు లైసెన్సు ఊడేదీ అతనిదే.

నంబర్లు దండగని ఎవరన్నారు? ఈ చక్రం రెండు చిప్పలు. బోల్టులే వాటిని పట్టి ఉంచుతాయి. టైరులో గాలి తీయకుండా ఆ బోల్టులు విప్పితే, చిప్పలు ఎగిరొచ్చి విప్పినవాడి ప్రాణం తీయగలవు. బోల్టంటే అంత మాట. 1989 సెప్టెంబరు 8న నార్వేకు చెందిన పార్ట్‌నేర్ విమానం డెన్మార్క్ తీరం దగ్గర సముద్రంలో కూలింది. 55 మంది పోయారు. తోకను పట్టి ఉంచాల్సిన బోల్టుల్లో నకిలీవి ఉన్నాయని దర్యాప్తులో తేలింది. అందుకే నంబరు కావాలి. కాగితం కావాలి. ఒప్పుకున్నాం.

మరి ఆ నంబరు పుట్టించిన మహానుభావుల సంగతి?

కోర్టు కేసుల ఖర్చు భరించలేమంటూ సెస్నా 1986లో చిన్న పిస్టన్ విమానాల తయారీకి తాళం వేసింది. అమెరికా ప్రభుత్వం గుండె కరిగింది. 1994లో చట్టం తెచ్చింది. విమానానికి 18 ఏళ్లు నిండాయా? ఇక అది కూలినా, కొన్ని మినహాయింపులు తప్ప, తయారీదారుమీద దావా వేయడానికి వీల్లేదు. మనిషికి 18 నిండితే బాధ్యత మొదలవుతుంది. విమానానికి 18 నిండితే కన్నవారి బాధ్యత తీరిపోతుంది! సరే, బిడ్డను వదిలేశారు. ఆస్తి కూడా వదిలారా? అబ్బే. నంబరు మాదే. డ్రాయింగు మాదే. ధరా మా ఇష్టమే. పాత నంబరు కొట్టేసి కొత్త నంబరు వేస్తాం. లేదంటే తయారీయే ఆపేశామంటాం. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు. పోనీ వేరేవాళ్లు చేసుకోవచ్చా? భేషుగ్గా! మా దగ్గర అనుమతి తెచ్చుకోండి అంటుంది అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ. ఏళ్ల నాటి విమానానికి ఎన్ని చక్రాలు అమ్ముడవుతాయని ఒకడొచ్చి ఆ పరీక్షల ఖర్చు నెత్తికెత్తుకుంటాడు?

అసలు తమాషా ఇంకా ఉంది. విమానం నడిపేవాడికి లైసెన్సు కావాలి. రెంచి తిప్పేవాడికి లైసెన్సు కావాలి. చక్రం పోతపోసేవాడికి ఆమోదం కావాలి. మరి వీళ్లందరి మధ్యా కూర్చుని సరుకు కొని అమ్మే దళారికి? ఏమీ అక్కర్లేదు! గుర్తింపు కావాలంటే తెచ్చుకోవచ్చు. అది వారి దయ. పెళ్లికొడుక్కి వైద్య పరీక్ష, పెళ్లికూతురికి వైద్య పరీక్ష. పెళ్లిళ్ల పేరయ్యకు మాత్రం పంచభక్ష్యాలు.

వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్లి చెయ్యమన్నారు కదా. లండన్‌లో ఒక పేరయ్య ఆ మాటను గట్టిగా పట్టుకున్నాడు. కంపెనీ పేరు ఏఓజీ టెక్నిక్స్. 2015లో పుట్టింది. ఎవరి గుర్తింపూ అడగకుండానే వ్యాపారంలోకి దిగింది. అమ్మింది చిన్న విమానాల చక్రాలు కూడా కాదు. వందల మందిని మోసే విమానాల సీఎఫ్ఎం56 ఇంజన్ల భాగాలు. కాగితాలు ముచ్చటగా ఉన్నాయి. నంబర్లు కుదిరాయి. సంతకాలు మెరిశాయి. అన్నీ దొంగవి! ఇంటి పేరు కస్తూరివారు, ఇంట్లో గబ్బిలాల కంపు. ఆ భాగాల జాడ పట్టేసరికి వందకు పైగా ఇంజన్లలోకి దూరిపోయాయి. ఒక చిన్న రైతు తన సెస్నాకు సరైన చక్రాన్నే తెచ్చి, కాగితం పోగొట్టుకుంటే దోషి. కాగితం సృష్టించుకున్నవాడు ఎనిమిదేళ్లు పెద్దమనిషి.

ఎలా దొరికాడు? కంప్యూటరు పట్టిందా? ఇన్‌స్పెక్టరు పట్టాడా? కాదు. 2023లో పోర్చుగల్ విమాన సంస్థ టీఏపీ ఇంజనీర్లు ఒక భాగాన్ని చేతిలోకి తీసుకున్నారు. కాగితమేమో కొత్తదంటోంది. లోహమేమో అరిగిపోయి ఉంది. తయారీదారును అడిగారు. గుట్టు రట్టయింది. అంతే! జాతకం పక్కన పెట్టి పెళ్లికూతురి మొహం చూశారు.

ఇప్పుడేం చేస్తారు? ఇంకో ఫారం పెడతారు. అనుమానం వస్తే ఫిర్యాదు చేయడానికి ఎఫ్ఏఏ దగ్గర ఇప్పటికే ఒకటుంది: 8120-11. దానికి ఒక తమ్ముడు పుడతాడు. దాన్ని నింపేదీ ఆ మెకానిక్కే. దళారి మాత్రం విందులో ఇంకో లడ్డూ అందుకుంటాడు.

అయ్యా, చక్రం బోల్టులు విప్పే ముందు టైరులో గాలి తీయాలన్నది హాంగరులో నేర్పే మొదటి పాఠం. ఈ వ్యవస్థకు మరమ్మతు చేస్తామని రెంచి పట్టుకున్న దొరలకూ అదే పాఠం.

ముందు గాలి తీయండి.