అలిపిరిలో ఎవరూ పట్టుకోని ఎనిమిది లీటర్లు

కేంద్ర పెట్రోలియం, సహజవాయు మంత్రిత్వ శాఖలో ఇ20 వివరణ రాసిన అధికారి గారి దివ్యసముఖమునకు,

విషయం: పాత జిప్సీకి ట్యాంకు మొదలు కార్బురేటరు దాకా పెట్రోలు దారి మార్పించుట, తగు ఉత్తర్వులు కోరుట గురించి.

సూచిక: ఇ20 పెట్రోలుపై 2025 ఆగస్టులో తమ శాఖ ఇచ్చిన వివరణ.

ఆర్యా,

పై సూచికను అనుసరించి సవినయంగా మనవి చేసుకొనునది ఏమనగా, 20 శాతం ఇథనాలు కలిపిన పెట్రోలుతో పాత బండ్లకు పెద్ద నష్టమేమీ లేదని తమరు సెలవిచ్చారు. కొన్ని పాత బండ్లలో 20 వేలు, 30 వేల కిలోమీటర్లు తిరిగాక కొన్ని రబ్బరు భాగాలు, గాస్కెట్లు మార్చుకోవలసి రావచ్చని, అదంత ఖర్చయ్యేది కాదని, మామూలు సర్వీసింగులోనే అయిపోతుందని కూడా అన్నారు. పెద్దలు చెప్పారు కదా అని బండిని షెడ్డుకు తోలుకుపోయాను. ఆ "కొన్ని" ఎన్నో తమరికి తెలియజేయడానికే ఈ లేఖ.

మాది కార్బురేటరు కాలం నాటి జిప్సీ కింగ్. జిప్సీ మన దేశంలో 1985లో వచ్చింది. 1996లో 1.3 లీటర్ల ఇంజను పెట్టి కింగ్ అన్నారు, 2000లో కార్బురేటరు తీసి ఎంపీఎఫ్‌ఐ ఇంజెక్షన్ ఇచ్చారు. మాది ఆ రెంటికీ నడుమ పుట్టింది. పెట్రోల్లో 5 శాతం ఇథనాలు కలపడం మొదలైందే 2003లో గనుక, ఈ బండిని గీసిన ఇంజనీర్లకు ఆ ఊసే తెలియదు. భాకరాపేట ఘాటు, తలకోన దారి, తోపుల మధ్య రాళ్ళ బాటలు దీని రాజ్యం.

మెకానిక్ అన్న బానెట్టు ఎత్తుతూనే, "ఏం సార్, బండికి గూడా మందు అలవాటు చేసినారా?" అన్నాడు. పెట్రోలు పైపు బయటికి నున్నగానే ఉంది. క్లాంపు వదులు చేసి, కొన దగ్గర వేళ్ళతో నలిపి చూపించాడు. లోపలి పొర ఉబ్బి, నానిన తోలులాగా ఊడి వచ్చింది. వేళ్ళకంటిన నలుపు బనియను గుడ్డకు తుడుచుకుని, "ఈ తునకలే పోయి జెట్టులో కూర్చుంటాయి" అన్నాడు.

అక్కణ్ణుంచి లెక్క మొదలు. ట్యాంకు నుంచి వచ్చే పైపు, తిరిగి పోయే పైపు, మూత దగ్గరి లావు గొట్టం, ఆవిరి గొట్టం. ఇంజను మీది మెకానికల్ పంపులో డయాఫ్రం. కార్బురేటరులో యాక్సిలరేటరు పంపు డయాఫ్రం, నీడిల్ కొన, గిన్నె గాస్కెట్టు. ఇవన్నీ ఇథనాలు తగిలినా చెక్కుచెదరని వైటాన్ రకం రబ్బరులో దొరకాలి. అంగట్లో అడిగితే ఉన్న పైపు చేతికిచ్చి "అన్నీ ఒకటే సార్" అంటారు. ఒకటి కాదు. మామూలు నైట్రైల్ పైపుకూ దీనికీ ధరలో ఉన్న తేడా తమరు ఒకసారి కొట్టుకు పోయి కనుక్కుంటే బాగుంటుంది.

ట్యాంకు దించితే ఫిల్టరు నిండా ఎర్రటి తుప్పుపొడి. ఇథనాలుకు నీళ్ళంటే ప్రాణం. గాలిలో తేమను కూడా లాక్కుంటుంది. నీళ్ళు మితి మీరితే పెట్రోలును వదిలేసి, ఆ నీళ్ళతో కలిసి ట్యాంకు అడుగుకు చేరుతుంది. రోజూ తిరిగే కారుకు ఇది తెలియదు. వానాకాలమంతా కొట్టంలో నిలిపి సంక్రాంతికి బయటికి తీసే జీపుకు తెలుస్తుంది.

అసలు చిక్కు జెట్టు. ఇథనాల్లో లీటరుకు శక్తి పెట్రోలుకన్నా మూడో వంతు తక్కువ, మండడానికి కావలసిన గాలీ తక్కువే. ఒక పాలు పెట్రోలుకు 14.7 పాళ్ళ గాలి అయితే, ఇ20కి 13.5 చాలు. అంటే అదే గాలికి ఇంధనం 9 శాతం దాకా ఎక్కువ పోయాలి. ఆక్సిజన్ సెన్సారున్న కొత్త కారు తనంతట తనే సర్దుకుంటుంది. కార్బురేటరుకు తెలివి లేదు, ఉన్నది జెట్టు అనే ఒక చిల్లు. ఆ చిల్లు పెద్దది చేయకపోతే మిశ్రమం పలచబడి, ఘాటు మీద రెండో గేర్లో ఇంజను కాగిపోతుంది.

మార్చేదెటూ మారుస్తున్నాం కదా అని ట్యాంకు దగ్గర ఎలక్ట్రిక్ పంపు పెట్టాం. వేసవిలో వేడెక్కిన ఇంజను మీద కూర్చుని పెట్రోలును లాగే పాత పంపుకు దారిలోనే ఆవిరి పట్టేస్తుంది. వెనక నుంచి తోసే పంపుకు ఆ బాధ తక్కువ. ఇక్కడో మాట, తమరికి కాదు, ఈ లేఖ చదివే తోటి జీపు వాళ్ళకు: కార్బురేటరుకు 3 పీఎస్‌ఐ ఒత్తిడి చాలు. ఇంజెక్షన్ కారు నుంచి పీకిన పంపు 40 దాకా కొడుతుంది. నీడిల్ ఆపలేదు, పెట్రోలు పొంగి ఇంజను మీద పడుతుంది. పంపు వైరును ఆయిల్ ప్రెషర్ స్విచ్చి గుండా తిప్పండి. బండి బోల్తా కొట్టి ఇంజను ఆగినా పంపు పెట్రోలు తోస్తూనే ఉంటే ఏమవుతుందో చెప్పనక్కర లేదు.

ఏటవాలులో కార్బురేటరు ఫ్లోటు తడబడుతుంది గనుక ఏకంగా ఎంపీఎఫ్‌ఐ పెట్టించుకోమని స్నేహితులంటారు. నిజమే, అదే అసలు మందు. కానీ మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను బండిలో మార్పులకు అనుమతి కావాలంటుంది. మీరు ఇంధనం మార్చడానికి మా అనుమతి అడగలేదు. ఆ ఇంధనానికి తగ్గట్టు నేను బండి మార్చాలంటే ఎవరిని అడగాలో చెప్పే కాగితం ఒకటి దయచేయించండి.

ఇక మా ఊరికి మాత్రమే ఉన్న ధర్మసందేహం. తిరుమల కొండకు మద్యం నిషేధం. అలిపిరి తనిఖీలో సంచులు విప్పించి చూస్తారు, చూడవలసిందే. జిప్సీ ట్యాంకు 40 లీటర్లు. నిండుగా ఇ20 పోయిస్తే 8 లీటర్లు ఆల్కహాలే. అది తాగడానికి పనికిరాదని తమరంటారు. మా మెకానిక్ కూడా అదే అన్నాడు, కాకపోతే కొంచెం దిగులుగా అన్నాడు. 1992లో పొరుగున నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడి మగవాళ్ళను దారికి తెచ్చారు. బండ్ల తరఫున అడిగే దిక్కు లేదు.

చెరుకు రైతు బాగుపడతాడంటే ఈ బాధంతా ఓర్చుకుంటాం. అయితే చిత్తూరు సహకార చక్కెర ఫ్యాక్టరీ, రేణిగుంట పక్కన గాజులమండ్యం ఫ్యాక్టరీ రెండూ మూతపడి ఏళ్ళయింది. మా చెరుకు బెల్లం గానుగలకు పోతోంది. దేశంలో ఇథనాలుకు ఇప్పుడు ఎక్కువ భాగం మొక్కజొన్న, నూకలు లాంటి ధాన్యమే ఆధారం. ముడిచమురు దిగుమతి తగ్గుతుందన్న మాట కాదనను. దానికి వంతు వేసుకునేటప్పుడు పాత బండి వాడి వంతు ఎంతో చెప్పమంటున్నాను.

చెప్పిన వాళ్ళున్నారు. 2021లో నీతి ఆయోగ్ నివేదికే, ఇథనాలు లేని పెట్రోలు కోసం రూపొందించి ఇ10కు ట్యూన్ చేసిన కార్లలో ఇ20 వాడితే మైలేజీ 6–7 శాతం తగ్గవచ్చని రాసింది. ఆ నష్టం పూడేలా పన్ను రాయితీ ఇవ్వమని కూడా రాసింది. మైలేజీ తగ్గింది, రాయితీ బంకు దాకా రాలేదు. ఇథనాలు లేని పెట్రోలు కూడా అమ్మించాలన్న పిటిషన్‌ను 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు కొట్టివేసింది. కోర్టు మాట శిరోధార్యం గనుక నేను హక్కు ఊసెత్తను, మర్యాద అడుగుతున్నాను. అమెరికాలో 15 శాతం కలిపిన పెట్రోలు పంపుకు నారింజరంగు చీటీ ఉంటుంది, 2001కి ముందు మోడళ్ళలో పోయవద్దని. బ్రెజిల్లో ఇథనాలు పోయించుకోవాలో పెట్రోలు పోయించుకోవాలో ఫ్లెక్స్ కారు వాడు ధర చూసుకుని తేల్చుకుంటాడు.

కావున తమరు దయతో ప్రతి పంపు మీద ఇథనాలు శాతం కంటికి కనపడేటంత అక్షరాలతో రాయించవలెను. జిల్లాకు ఒక్క బంకులోనైనా పాత బండ్లకు ఇ10 ఉంచవలెను. ఏ పాత మోడలుకు ఏ పైపు, ఏ డయాఫ్రం, ఏ జెట్టు మార్చాలో తయారీదారుల చేత జాబితా వేయించి, తెలుగులో అచ్చు వేయించి పంపవలెను. అందిన రోజే మా షెడ్డు గోడకు అంటిస్తాం.

ఇట్లు,
తమ విధేయుడు,
ఒక జిప్సీ యజమాని,
తిరుపతి.