పంకా తిరగొద్దూ?

మా మనవడు తను తీసిన ఫోటో టీవీకి తగిలించి చూపించాడు. విమానం గాల్లో ఉంది. దాని పంకాలు రెండూ ఆగిపోయి ఉన్నాయి.

"ఏరా, ఇంజన్లు ఆపేసి ఎగిరిందా?" అన్నాను.

"ఎంత షార్ప్‌గా వచ్చిందో చూడండి తాతయ్యా" అన్నాడు వాడు.

వచ్చింది, కాదన్ను. రెక్క మీద రివిట్లు లెక్కపెట్టుకోవచ్చు. కానీ సంక్రాంతి తీర్థంలో కొన్న బొమ్మని దారం కట్టి దూలానికి వేలాడదీసినట్టుందండీ. నలభై ఏళ్ళు రాయవరంలో స్టూడియో నడిపినవాణ్ణి. పెళ్ళికూతురు నవ్వు ఆపి ఫోటో తీయొచ్చు గానీ, విమానం పంకా ఆపి తీయకూడదు.

అది డకోటా. 2019 ఫిబ్రవరిలో యలహంకలో జరిగిన ఏరో ఇండియాకి వాడే రమ్మంటే సామర్లకోటలో శేషాద్రి ఎక్కి వెళ్ళాను. ప్రదర్శన మొదలయ్యే ముందురోజు రిహార్సల్లో సూర్యకిరణ్ జట్టు విమానాలు రెండు ఢీకొని ఒక పైలట్ పోయాడు. ఆ వారంలోనే మేం అక్కడ నిలబడ్డాం. జనం విజిళ్ళు వేస్తున్నారు గానీ నాకు మాత్రం పైకి చూసినప్పుడల్లా లోపల కూర్చున్న మనిషే గుర్తొచ్చాడు.

జెట్లు చెవులు చిల్లులు పడేలా పోయాక డకోటా వచ్చింది, మా ఊరి రైసు మిల్లు ఇంజను దూరాన్నుంచి వినబడ్డట్టు చప్పుడు చేసుకుంటూ. వీడి కెమెరా సెకనుకు పది ఫోటోలు తీస్తుందట. నొక్కి పట్టుకున్నాడు, అంతే. అది చుట్టు తిరిగి రెండోసారి మా ముందుకొచ్చేసరికి వీడు తలొంచుకుని మొదటిసారి తీసినవి చూసుకుంటున్నాడు! పక్కన ఉన్న పాతికమందీ అంతే. ఆ నిమిషాన ఆకాశం వంక చూసింది నేనూ, వేరుశెనక్కాయలమ్మే కుర్రాడూ.

"దాని తోక దగ్గర నంబరు చూశావురా?" అంటే ఫోటో పెద్దది చేసి చదివాడు. వీపీ 905. దాని కథేంటో ఫోన్లో వెతికితే గానీ వాడికి తెలియలేదు. 1947 అక్టోబరు 27న మన సైన్యాన్ని శ్రీనగర్‌లో దింపిన డకోటా నంబరది. ఇప్పుడు ఎగిరేది ఆ విమానం కాదు, ఆ పేరు మోస్తున్న ఇంకోటి. రాజీవ్ చంద్రశేఖర్ గారు ఇంగ్లండులో బాగుచేయించి, డకోటాలు నడిపిన తన తండ్రి పేరు మీద వైమానిక దళానికి ఇచ్చారు. 2018లో ఇక్కడికి ఎగిరొచ్చింది. పరశురామ అని పేరు పెట్టారు. ఇవన్నీ తెలిస్తే వేలు నొక్కే తీరు మారదూ?

ఇక లెక్క చెబుతాను. పంకా సెకనుకు ఇరవై చుట్లు తిరుగుతోందనుకోండి. వీడు కెమెరాని 4000 మీద పెట్టాడు. అంటే సెకనులో నాలుగు వేలో వంతు. ఆ కాసేపట్లో పంకా చుట్టులో రెండొందలో వంతు కదులుతుంది. కదలనట్టే. అదే 125 మీద పెడితే ఆరో వంతు చుట్టు తిరుగుతుంది, మూడు రేకులూ పల్చటి పొరలా పరుచుకుంటాయి. విమానం బతికుంటుంది. కాకపోతే చెయ్యి కూడా విమానంతో సమానంగా తిరగాలి. నడుం నుంచి పైభాగమంతా తిప్పాలి, నొక్కాక కూడా ఆపకూడదు. జెట్టుకి పంకా కనబడదు కాబట్టి దాన్ని వెయ్యి మీద తీసుకో, ఎవడొద్దన్నాడు?

నాకిదేం పుట్టుకతో అబ్బిన విద్య కాదు. 1986 ఆగస్టు గోదావరి వరదలప్పుడు నేర్చుకున్నాను. నా రష్యా జెనిత్ కెమెరాలో ఓ శ్రావణమాసం పెళ్ళి రీలు, అందులో తొమ్మిది ఫోటోలు మిగిలాయి. సైకిలెక్కి కోటిపల్లి గట్టు మీదికి పోయాను. లంకల్లో చిక్కుకున్నవాళ్ళకి హెలికాప్టర్లు పొట్లాలు జారవిడుస్తున్నాయి. మబ్బు పట్టేసింది, వెలుతురు లేదు. 125 తప్ప గతిలేదు. తొమ్మిదీ తీశాను. రాత్రి చీకటి గదిలో కడిగితే ఎనిమిది పోయాయి. ఒక్కదాంట్లో హెలికాప్టరు నిలిచింది, పైన పంకా పొగలా, కింద గాల్లో ఓ పొట్లం. స్టూడియోలో ఫ్రేము కట్టించి పెట్టుకుంటే, వచ్చినవాళ్ళు "గద్దాండీ?" అనేవారు.

నిజం చెప్పొద్దూ, జెనిత్‌లో 500 దాటి లేదు. 4000 ఉంటే నేనూ అదే పెట్టేవాణ్ణేమో.

ఒక్క విషయంలో మాత్రం ఈ రోజులే నయం, లాగేయడానికి రీలే లేదు. ఓసారి ఒక ఎయిర్‌పోర్టు కంచె అవతల్నుంచి ఫోటో తీస్తే, కాపలా మనిషి కెమెరా వెనకతలుపు తీసి రీలు బరబరా ఎండలోకి లాగేశాడు. విమానం పోతే పోయింది, దాంట్లోనే మా వీధివాళ్ళ తాంబూలాల ఫోటోలున్నాయి. మళ్ళీ రెండు వైపులవాళ్ళనీ పిలిచి, పట్టుచీరలు కట్టించి, కూర్చోబెట్టి తీశాను.

ఆగిన పంకా అంత ఇష్టమైతే విశాఖ బీచ్ రోడ్డుకి పొమ్మన్నాను మావాణ్ణి. నేవీలో 29 ఏళ్ళు చేసి 2017లో రిటైరైన టీయూ-142 అక్కడ మ్యూజియమై కూర్చుంది. నాలుగు ఇంజన్లు, ఒక్కోదానికి ఒకదాని వెనక ఒకటి రెండేసి పంకాలు, ఎగిరేటప్పుడు ఒకటి ఇటూ ఒకటి అటూ తిరిగేవి. ఎంత షార్ప్‌గా కావాలంటే అంత షార్ప్‌గా తీసుకోవచ్చు, కదలదు. మేం కొత్తదని నోరు తెరుచుకుని చూసిన మిగ్-21కి కూడా 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో వీడ్కోలు చెప్పేశారు. ఎగిరే పాత విమానం కనబడటమే ఇక అరుదు.

కాబట్టి బాబూ, ఈసారి డకోటా ఎగిరే చోటికి వెళ్తే మొదటి చుట్టు ఉత్తినే చూడండి. రెండో చుట్టుకి 125 మీద పెట్టి తీయండి. పదింట తొమ్మిది పోతాయి. పోనివ్వండి, రీలు డబ్బులు కావు కదా.