డాలరు ఇంకా పెరగనీ అనుకున్నాను

చదువు కోసం చేసిన అప్పును ఒక్కసారిగా తీర్చేంత డబ్బు చేతిలో ఉండి కూడా నేను నాలుగేళ్లు తీర్చలేదు. డాలరు ఇంకా పెరుగుతుంది, అప్పుడు పంపితే తక్కువ డాలర్లతో తెగిపోతుంది అనుకున్నాను. ఆ నాలుగేళ్లూ మా అమ్మా నాన్నా తెనాలి వెళ్లిపోవాలనుకుంటూనే ఢిల్లీ పక్కన ఘాజియాబాద్‌లో ఉండిపోయారు. ఈ రెంటికీ సంబంధం ఉందని నాకు తెలియలేదు. నేను అడగలేదు కనుకే తెలియలేదు.

నాన్న ఎనభైల్లో సాహిబాబాద్‌లో ప్రభుత్వ రంగ ఉద్యోగం వచ్చి ఘాజియాబాద్ వచ్చారు. ఆవాస్ వికాస్ పరిషత్ వేసిన వసుంధర కాలనీలో రెండు గదుల ఫ్లాటు కొన్నారు. నేను పదో తరగతి దాకా తెనాలిలో తాతయ్య దగ్గరే ఉండి, తర్వాత వాళ్ల దగ్గరికి వచ్చాను. 2015లో ఎం.ఎస్. చదవడానికి టెక్సస్ వెళ్లేటప్పుడు 20 లక్షలు విద్యారుణం తీసుకున్నాం. ఏడున్నర లక్షలు దాటితే ఆస్తి హామీ అడిగేవారు కాబట్టి నాన్న ఫ్లాటు రిజిస్ట్రీ బ్యాంకులో పెట్టారు. విద్యార్థిగా నేను, సహ రుణగ్రహీతగా ఆయన, పేజీ పేజీకీ సంతకాలు చేశాం. ఆ కాగితాల్లో ఏముందో నేను చదవలేదు. చదువు నాది, ఉద్యోగం నాది, అందుకని అప్పూ నాదే అనుకున్నాను. బ్యాంకు లెక్కలో అది ఇద్దరిదీ. వాయిదా తప్పితే సిబిల్ స్కోరు ఇద్దరికీ పడుతుంది, తొంభై రోజులు దాటితే మొండి బాకీ కింద ఇద్దరి పేర్లూ ఎక్కుతాయి, ఇల్లు మాత్రం ఆయనది పోతుంది.

చదివే రెండేళ్లూ, ఆ తర్వాత ఇంకో ఏడాదీ వాయిదాలు ఉండవు. వడ్డీ మాత్రం నడుస్తూనే ఉంటుంది. ఆ కాలంలో వడ్డీ వరకైనా కడుతూ ఉంటే వడ్డీ రేటులో ఒక శాతం దాకా తగ్గించే వీలుంది. వాయిదాలు మొదలవలేదు కదా అని నేను ఒక్క రూపాయి పంపలేదు. 2018 జూలైలో మొదటి వాయిదా వచ్చేసరికి పేరుకున్న వడ్డీ అసలులో కలిసి 25 లక్షలైంది. 11 శాతం వడ్డీకి, పదిహేనేళ్ల గడువుకి, నెలకు 28,400 రూపాయలు. మొదటి నెల కట్టినదాంట్లో 22,900 వడ్డీకే పోయింది. అసలులో తగ్గింది ఐదున్నర వేలు.

సరిగ్గా అప్పుడే డాలరు ఎగబాకింది. జూలైలో 69 దగ్గర ఉన్నది అక్టోబరుకల్లా 74 దాటింది. మూడు నెలల్లో ఐదు రూపాయలు! తొందరపడి ఎక్కువ పంపనందుకు మంచిదైందనుకున్నాను. డాలసులో మా స్నేహితులందరిదీ ఇదే మాట: నెల వాయిదా కట్టు, మిగతా డబ్బు అట్టే పెట్టు, రూపాయి ఎటూ పడుతుంది. నెలనెలా మిగిలినదాన్ని వడ్డీ రాని ఖాతాలో దాచుకుంటూ పోయాను. పొద్దున లేవగానే రేటు చూసుకోవడం అలవాటైంది.

ఆ రోజుల్లో నేను వేసుకోవలసిన లెక్క చాలా చిన్నది. డాలరు 69 ఉన్నప్పుడు పదివేల డాలర్లు పంపితే 6 లక్షల 90 వేల అప్పు తీరుతుంది. పంపకపోతే దాని మీద ఏడాదికి 75,900 వడ్డీ. అంటే ఏడాది ఆగినందుకు నష్టం రాకుండా ఉండాలన్నా డాలరు 76 రూపాయల 59 పైసలకు చేరాలి. 2019 జూలైలో అది ఎంత ఉందో తెలుసా? మళ్లీ 69. ఆ ఏడాదినీ పక్కన పెట్టి పొడుగాటి లెక్కే చూద్దాం. 2014 మొదట్లో 62 దగ్గర ఉన్న డాలరు పదేళ్లకు 83 అయింది. ఏడాదికి సగటున మూడు శాతం. నా అప్పు ఏడాదికి పదకొండు శాతం పెరుగుతోంది. మూడు కోసం పదకొండు పోగొట్టుకుంటున్నానని తెలియడానికి ఇంజనీరింగు చదవాల్సిన పని లేదు. నేను చదివాను, అయినా వేసుకోలేదు. రేటు పెరిగిన రోజు కలిగే సంతోషం కంటికి కనిపిస్తుంది. వడ్డీ ఎక్కడో వసుంధరలో, నేను తెరిచి చూడని ఖాతాలో పెరుగుతోంది.

2020 ఫిబ్రవరికి బాకీ 23 లక్షల 80 వేలు. అప్పటి రేటుకి 33 వేల డాలర్ల పైచిలుకు. అంత డబ్బూ నా దగ్గర ఉంది. కోవిడ్ వల్ల మార్చి 27న రిజర్వు బ్యాంకు మూడు నెలలు, మే 22న ఇంకో మూడు నెలలు వాయిదాలు ఆపుకోవచ్చని చెప్పింది. అది రాబడి దెబ్బతిన్నవాళ్లను ఉద్దేశించి ఇచ్చిన వెసులుబాటు. నా ఉద్యోగం పోలేదు. అయినా డాలరు 76 దాకా పోయింది కదా, ఇంకా పోతుందేమోనని ఆ వెసులుబాటు తీసుకున్నాను. ఆ ఆరు నెలల్లో చేరిన వడ్డీ లక్షా 30 వేలు దాటింది. అంతకుముందు ఏడాదిన్నరకు పైగా కట్టి తగ్గించిన అసలంతా అందులో పోయి, బాకీ మళ్లీ 25 లక్షలకు చేరింది.

డబ్బు సంగతి ఇక్కడితో ఆపుతాను. అసలు నష్టం అది కాదు.

నాన్న 2019లో రిటైరయ్యారు. తాతయ్య ఇంట్లో తన వాటా బాగు చేయించుకుని తెనాలిలో ఉండాలని ఎప్పటినుంచో అనుకుంటున్నారు. ఫ్లాటు అమ్మితేగాని అది కుదరదు. బ్యాంకులో తాకట్టులో ఉన్న ఫ్లాటంటే కొనేవాళ్లు వెనకాడతారు. ఆ ఏడాది నవంబరు ఒకటిన ఢిల్లీ చుట్టుపక్కలంతా గాలి కాలుష్యం మీద ప్రజారోగ్య అత్యవసర పరిస్థితి ప్రకటించారు. వీడియో కాల్‌లో నాన్న దగ్గుతూనే ఉన్నారు. "తెనాలి ఎప్పుడు వెళ్తారు?" అని అడిగాను. "చూద్దాంరా, ఇక్కడ అలవాటైపోయింది కదా" అన్నారు. నమ్మడం నాకు సుఖంగా ఉంది, నమ్మాను.

2021 ఏప్రిల్‌లో ఆయనకు కోవిడ్ వచ్చింది. ఆసుపత్రుల్లో మంచం దొరకలేదు. ఇందిరాపురం గురుద్వారా వాళ్లు రోడ్డు మీదే సిలిండర్లు పెట్టి, వచ్చినవాళ్లకు వచ్చినట్టు ఆక్సిజన్ ఇచ్చారు. ఆక్సిజన్ లంగరు అని అప్పుడు దేశమంతా చెప్పుకున్నారు. అమ్మ నాన్నను ఆటోలో అక్కడికి తీసుకెళ్లింది. ముక్కుకు గొట్టంతో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉండగా పక్కింటి అబ్బాయి ఫోను పట్టుకుని నాకు చూపించాడు. ఆ గురుద్వారా కుర్రాళ్లకు నేను ఎప్పటికీ రుణపడి ఉంటాను. తెనాలిలో ఉంటే ఆయనకు జబ్బు రాకపోయేదని అనను, ఆ నెలలో అక్కడా జనం అల్లాడారు. కానీ అప్పటికే పొగకు దెబ్బతిన్న ఊపిరితిత్తులవి. ఏ గాలి పీల్చాలో ఎంచుకునే వీలు లేకుండా ఆయన్ని అక్కడ ఉంచింది నా బాకీ. ఆ రోజు కూడా నా ఖాతాలో డాలర్లు ఉన్నాయి.

2023 చివర్లో అమ్మ ఏదో మాటల్లో అనేసింది. ఫ్లాటుకు మంచి బేరం వచ్చిందట. రిజిస్ట్రీ చూపించమంటే బ్యాంకులో ఉందని చెప్పారట. వాళ్లు మళ్లీ రాలేదట. "మీ నాన్న నీకు చెప్పొద్దన్నారు" అని కూడా అంది. అప్పుడు బ్యాంకు స్టేట్‌మెంటు మొదటినుంచీ తెప్పించి చదివాను. నేను పెట్టిన ఆటో డెబిట్ కొన్ని నెలలు ఖాతాలో డబ్బు చాలక తిరిగిపోయింది. రీఛార్జి చేయక నా ఇండియా నంబరు ఎప్పుడో రద్దయింది, ఆ సందేశాలు నాదాకా రాలేదు. బ్యాంకువాళ్లు సహ రుణగ్రహీతకు ఫోన్ చేశారు. ఆయన వెళ్లి కౌంటరులో నగదు కట్టి వచ్చారు, తన పీఎఫ్ డబ్బులోంచి. స్టేట్‌మెంటులో అక్కడక్కడా "నగదు జమ" అని ఉంది. నేను కొన్నాళ్లు బొత్తిగా మరిచిపోయినా వాయిదా తప్పలేదంటే అది ఆయన నడిచి వెళ్లి కట్టినందువల్ల.

మరుసటి నెలే అంతా కట్టేశాను. ముందే తీర్చేస్తే జరిమానా వేస్తారని ఒక భయం ఉండేది. ఫ్లోటింగ్ వడ్డీ మీద వ్యక్తులు తీసుకున్న అప్పులకు అలా వసూలు చేయకూడదని రిజర్వు బ్యాంకు 2014లోనే ఆదేశించింది, నేను కనుక్కోలేదు. ఇరవై లక్షలు తీసుకుని, మా చేతుల మీదుగా పదిహేడు లక్షలకు పైగా వాయిదాలు కట్టాక, ఇంకా మిగిలిన బాకీ 22 లక్షల 48 వేలు. 2020లోనే తీర్చి ఉంటే, రూపాయి పడినందువల్ల కలిసొచ్చింది తీసేసినా, ఎనిమిది వేల డాలర్లకు పైగా మిగిలేది.

అప్పు తీరిన ముప్పై రోజుల్లో ఆస్తి కాగితాలు తిరిగి ఇవ్వాలి, ఆలస్యమైతే రోజుకు ఐదు వేలు బ్యాంకే కట్టాలి అన్న నిబంధన 2023 డిసెంబరు నుంచి అమల్లోకి వచ్చింది. మా కాగితాలు గడువులోపే వచ్చాయి. నేను సెలవు పెట్టి వచ్చాను. బ్యాంకు మెట్లు దిగుతూ నాన్న, "ఇక నీ పేరు మీద ఏమీ లేదు కదా?" అని అడిగారు. ఇన్నేళ్లూ ఆయన కంగారు నా పేరు గురించి. మీ పేరు కూడా ఉంది నాన్నా అన్నాను. "నాదేముందిరా" అన్నారు.

ఆయన కౌంటరులో కట్టిన సొమ్ము ఎంతో స్టేట్‌మెంటులో గీతలు గీసుకుని కూడుకున్నాను. ఇస్తానంటే తీసుకోలేదు. తెనాలి ఇంటికి పైకప్పు వేసే మేస్త్రీతో ఇప్పుడు నేరుగా నేనే మాట్లాడుతున్నాను. సిమెంటు, ఇనుము, కూలీ లెక్క అతను పంపిన రోజే డబ్బు వేస్తున్నాను.