సూట్‌కేసులో వచ్చిన ప్రవక్త

నేను తెలుగు బైబిలును. నల్ల అట్ట, ఎర్ర అంచులు. కడప జిల్లా రాజంపేట దగ్గరి ఒక పల్లెలో జరిగిన పెళ్ళికి కానుకగా వెళ్ళాను. నా మొదటి పేజీలో వధూవరుల పేర్లు, పెళ్ళి తేదీ పాస్టర్ గారి చేతిరాతలో ఉన్నాయి. సంసారాల బాగోగులు నాకు ఆ పేజీ నుంచే తెలుసు.

మా వంశం పాతది. 1812లో తెలుగు సువార్తలు సేరంపూరులో తొలిసారి అచ్చయ్యాయి. విశాఖపట్నంలో కూర్చుని వాటిని తర్జుమా చేసిన డెగ్రాంజ్ దొర ఆ అచ్చు కళ్ళజూడకుండానే కన్నుమూశాడు. బైబిలు మొత్తం తెలుగులోకి రావడానికి 1854 దాకా పట్టింది.

పెళ్ళికూతురికి ఇద్దరు పిల్లలు పుట్టాక ఇంటి మీద అప్పులు పడ్డాయి. ఆ వైపు ఊళ్ళలో అప్పుకు మందు ఒకటే, కువైట్. ఆమె ఖద్దామా పనికి, అంటే ఇంటిపనికి, ఇరవై నంబరు వీసా తెచ్చుకుంది. ఊరగాయ సీసాకూ నైటీలకూ నడుమ నన్ను సర్దుకుని చెన్నైలో విమానం ఎక్కింది. ఇక్కడ కువైట్‌లో తెలుగువాళ్ళు ఆమెను రాజంపేట అక్క అంటారు. నేనూ అలాగే అంటాను.

వంటింటి వెనక గదిలో, మంచం తలాపున నా మకాం. హాల్లో వేసే బుఖూర్ పొగ వాసన నా అట్టకు పట్టేసింది. తెల్లారకముందు ఐదు నిమిషాలు, అర్ధరాత్రి ఐదు నిమిషాలు నన్ను తెరిచేది. కీర్తనల పేజీలు అక్క వేళ్ళకంటిన నూనెతో మాసిపోయాయి. చిన్న ప్రవక్తల పేజీలు మాత్రం కొత్తనోట్లలా ఒకదానికొకటి అంటుకునే ఉండేవి. ఆ ప్రవక్తల్లో మొదటివాడు హోషేయ.

ఇంటిపనివాళ్ళకు వారానికో రోజు సెలవివ్వాలని 2015 నాటి 68వ నంబరు చట్టం చెబుతుంది. అది దొరకడం ఇంటి యజమానురాలి మనసును బట్టి ఉంటుంది. అక్క పనిచేసే ఇంటి మామా, అంటే యజమానురాలు, మంచిది, శుక్రవారం మధ్యాహ్నం దాకా వదిలేది. ఇక్కడ ఆదివారం పనిదినం కనుక ఆరాధన శుక్రవారమే. కువైట్ సిటీలోని నేషనల్ ఇవాంజెలికల్ చర్చి ఆవరణలోకి అక్క చంకలో నేనూ వెళ్ళేదాన్ని. అమెరికా మిషన్ వాళ్ళు అక్కడ 1931లో మందిరం కట్టారు. 1999లో దాని పాస్టరైన ఇమాన్యుయేల్ ఘరీబ్ గారు కువైట్ పౌరుడే. ఒక గదిలో అరబ్బీ పాట, పక్క గదిలో మలయాళం, ఇంకో గదిలో మన తెలుగు. గోడలు పలచన, దేవుడికి అన్నీ వినబడతాయి.

అబ్బాసియాలో ఒక ఫ్లాటులో సాయంత్రం కూటాలు కూడా జరిగేవి. నాలోని హోషేయకు మెలకువ వచ్చింది అక్కడే. అప్పటికి కొన్నాళ్ళ క్రితం ఒక గోదావరి పిల్ల జీతం ఇవ్వని ఇంటి నుంచి పారిపోయి, ఆకామా, అంటే నివాస అనుమతి, లేకుండా ఎక్కడెక్కడో తలదాచుకుంటోంది. ఎవరితోనో ఉంటోందని పుకారు. కూటంలో ఒకాయన హోషేయ రెండో అధ్యాయం తీసి గట్టిగా చదివాడు. భర్తను విడిచి విటుల వెంటపడిన స్త్రీకి జరగబోయే అవమానం గురించిన భాగం అది. చదువుతూ అందరివంకా ఓరగా చూశాడు. ఎవరి గురించో చెప్పనక్కర్లేకపోయింది.

అక్క నెమ్మదిగా అంది: "నాలుగో అధ్యాయం పద్నాలుగో వచనం గూడా సదువన్నా."

ఆయన పేజీ తిప్పాడు. మగవాళ్ళే వేశ్యల దగ్గరికి పోతుంటే, దారితప్పిన మీ కూతుళ్ళనూ కోడళ్ళనూ నేను శిక్షించనని దేవుడు చెప్పే చోటు అది. ఆయన సగం చదివి గొంతు సవరించుకున్నాడు. తర్వాత పాట ఎత్తుకున్నారు.

ఆ ఏడు, అంటే 2018 జనవరి 29 నుంచి, కువైట్ ప్రభుత్వం క్షమాభిక్ష పెట్టింది. ఆకామా లేనివాళ్ళు జరిమానా లేకుండా దేశం దాటొచ్చు, లేదంటే జరిమానా కట్టి ఇక్కడే కాగితాలు సరిచేసుకోవచ్చు. మొదట ఫిబ్రవరి 22 దాకా అన్నారు, తర్వాత ఏప్రిల్ 22 దాకా పొడిగించారు. ఆ పిల్ల టిక్కెట్టుకు కూటంలో చందా పోగయింది. రెండో అధ్యాయం చదివినాయన కూడా వేశాడు.

పరాయివాళ్ళ విషయంలో వాక్యం చెప్పడం తేలిక. అక్కకు అసలు పరీక్ష ఊరి నుంచి వచ్చింది. స్లాబు కోసమని ఎక్స్ఛేంజిలో లైను కట్టి పంపిన దినార్లు స్లాబు కాలేదు. మొగుడు ఇంకో ఊళ్ళో ఇంకో ఇల్లు పెట్టాడు. ఆ ఇంట్లో ఓ ఆడపిల్ల కూడా పుట్టింది.

ఆ కబురు తెలిసిన రాత్రి అక్క నాలో హోషేయను మొదటి నుంచి చివరిదాకా చదివింది. పద్నాలుగు అధ్యాయాలే. హోషేయది క్రీస్తుకు పూర్వం ఎనిమిదో శతాబ్దం, ఉత్తర ఇశ్రాయేలు. రెండో యరొబాము ఏలుబడిలో దేశం బాగా గడించింది. ఆయన పోయాక పాతికేళ్ళు దాటకుండానే ఆరుగురు రాజులయ్యారు, వాళ్ళలో నలుగురు హత్యకు గురయ్యారు. 722లో అష్షూరు సేన వాళ్ళ రాజధాని షోమ్రోనును పట్టుకుని జనాన్ని చెరకు తోలుకుపోయింది. తర్వాత అష్షూరుకు రాజధాని అయిన నీనెవెను ఒరుసుకుని పారిన టైగ్రిస్ నీళ్ళు చివరికి కలిసేది కువైట్ ముందున్న ఈ సముద్రంలోనే.

అక్కకు చరిత్ర కన్నా వంటింటి మాట ముందు తగిలింది. ఎఫ్రాయిము, అంటే ఆ ఉత్తర ఇశ్రాయేలు, తిరగేయని రొట్టె అంటాడు ప్రవక్త. రోజుకు రెండు పూటలా రొట్టెలు కాల్చే మనిషికి అర్థం విడమరచాలా? ఒకవైపు మాడిపోయి, రెండోవైపు పచ్చిగా ఉండే బతుకది.

ఇంకో సంగతి ఆమెను పట్టేసింది. ధాన్యం, నూనె, వెండి ఇచ్చింది నేనేనని ఎరగక ఇశ్రాయేలు వాటిని బయలు దేవతకు అర్పించిందని దేవుడు వాపోతాడు. సంపాదన పంపినదొకరు, దాన్ని ఇంకొకరి గడపలో ధారపోసిందొకరు. ఈ కథలో తాను హోషేయను మోసగించిన భార్య గోమెరు కాదనీ, మోసపోయిన వైపు ఉన్నాననీ అక్కకు ఆ రాత్రి తెలిసింది. ఇచ్చినవి వెనక్కి తీసుకుంటానన్న దేవుడిలాగే ఆమె కూడా మొగుడి ఖాతాకు డబ్బు ఆపేసింది. పిల్లల ఫీజులు నేరుగా బడికి కట్టింది. తీర్పంటే ముందు అబద్ధానికి పెట్టుబడి ఆపడమేనని నాకు అప్పుడు అర్థమైంది.

ఇక కనికరం. హోషేయ తన పిల్లలకు ఊరు వణికే పేర్లు పెట్టాడు. కూతురు జాలి పొందనిది, చిన్నకొడుకు నా జనం కానివాడు. అదే పుస్తకంలో రెండో అధ్యాయం ముగిసేసరికి ఆ పేర్లు తిరగబడతాయి. జాలి పొందనిదాని మీద జాలి పుడుతుంది, నా జనం కానివాడు నా జనమవుతాడు. మూడో అధ్యాయంలో గోమెరును వెండీ యవలూ ఇచ్చి విడిపించుకొస్తాడు, షరతులు పెట్టి మరీ. పదకొండో అధ్యాయంలో, నడక నేర్పిన బిడ్డను ఎలా వదిలేయనని దేవుడి గుండె కొట్టుకుంటుంది. చివరి అధ్యాయం తిరిగి రమ్మని పిలుస్తుంది.

సెలవు మీద ఊరికి వెళ్ళినప్పుడు అక్క నన్నూ తీసుకెళ్ళింది. పెద్దమనుషుల ముందు మొగుడికి షరతులు చెప్పింది. ఇంటి కాగితాలు తన పేర ఉండాలి, లెక్క చూపాలి, ఆ తర్వాతే ఒక కప్పు కింద బతకడం గురించి మాట. ఆయన ఇంకా ఏమీ తేల్చలేదు. ఆమె కూడా తొందరపడలేదు. ఆ రెండో ఇంటి పిల్లను వీధిలోవాళ్ళు ఒక పాడు మాటతో పిలుస్తున్నారని తెలిసి మాత్రం ఆ వీధికే వెళ్ళింది. "పిల్ల ఏం జేసింది? దానికి పేరుంది, ఆ పేరుతో పిలవండి" అంది. బడిలో చేర్పించే ఖర్చు తనదంది. చుట్టాలు పిచ్చిదన్నారు. నాకైతే నాలో అంతకాలం అంటుకుని ఉన్న పేజీలు అప్పుడే విడిపడినట్టయింది.

నన్ను చేతబట్టి ఆడవాళ్ళను అదలించిన మగవాళ్ళను చాలామందిని చూశాను. వాళ్ళు హోషేయను రెండో అధ్యాయం సగంలో మూసేస్తారు. తప్పుచేసినవాళ్ళకు తీర్పు ఉండాల్సిందే, పూజారికీ రాజుకీ దొంగ తక్కెడ వర్తకుడికీ కూడా అందులో తీర్పు ఉంది. ఆ తీర్పు భారం పిల్లల మీద పడకూడదు. మీ ఇంట్లో నాలాంటి పుస్తకం ఉంటే పద్నాలుగు అధ్యాయాలూ చదవండి. ఊళ్ళో ఏ పిల్లకైనా పెద్దల తప్పు పేరుగా తగిలించి ఉంటే, ముందు ఆ పేరు తీసేయండి.