సర్కారు వకీలంటే

మా రోజుల్లో సర్కారు వకీలు పదవిని కాలదన్నిన మనిషి ఉండె. కల్వకుర్తి కోర్టు వరండాలో ఈ మాట చెప్తే నల్లకోటు పిల్లలు నమ్మరు. వాళ్లు నన్నడిగేది ఒక్కటే: “తాతా, జీపీ (సర్కారు వకీలు) పోస్టుకు ఎవర్ని పట్టుకోవాలె?”

బొజ్జా తారకం పేరే వినలేదంటరు! కోనసీమ కందికుప్పల పుట్టి, నిజామాబాదుల వకాలతు చేసి, ఎమర్జెన్సీల జైలుకు పోయొచ్చిన మనిషి. హైకోర్టుల ప్రభుత్వ ప్లీడరుగ ఉన్నడు. 1985 జూలై 17న కారంచేడులో దళితులను ఊచకోత కోసిన్రు. ఆరుగురు సచ్చిన్రు. ఆయన రాజీనామా పడేసి బాధితుల దిక్కు నిలబడ్డడు. ఆ కేసు సుప్రీంకోర్టుల తేలింది 2008 డిసెంబరుల. ‘పోలీసులు అరెస్టు చేస్తే’ అని ఆయన రాసిన పుస్తకం మా ఆఫీసు బల్ల మీద ఎప్పుడూ ఉండేది. చదువు రానోళ్లకు నేనే చదివి చెప్పేటోణ్ణి.

నేను గుమస్తాగా చేసిన మా సారు కూడా కొన్నాళ్లు సర్కారు తరఫున కేసులు నడిపిండు. హోటల్ల దళితులకు వేరే గ్లాసు పెట్టే రెండు గ్లాసుల కేసొస్తే సాక్షిని ముందురోజే పిలిపించేటోడు. గ్లాసు లోపల పెడుతుండ్రా, చూర్ల చెక్కుతుండ్రా? తాగినంక ఎవరు కడగాలె? చాయ్ చేతికిస్తరా, పైకెల్లి పోస్తరా? ఒక్కొక్కటీ అడిగి నాతోని రాయించేటోడు. 1955 నాటి పౌరహక్కుల చట్టం కింద కేసు నిలబడాల్నంటే ఆ చిన్న చిన్న ముచ్చట్లే ప్రాణం.

ఇప్పుడో? మొన్న అట్రాసిటీ కేసుల సాక్ష్యం చెప్పనీకి పొయ్యే ముసలమ్మకు తోడుపోయిన. బోనెక్కే ముంగట సర్కారు వకీలు ఆమెతోని రెండు నిమిషాలు మాట్లాడిండు. పేరు కూడా తప్పు పిలిచిండు. ఆమె వణుక్కుంట నా దిక్కు చూసింది. నాకు కడుపు రగిలింది.

దళితులను ఊచకోత కోసిన చుండూరుల బాధితులు ఇట్ల ఊకోలె. మా ఊర్లెనే కోర్టు పెట్టాలని, పౌరహక్కుల వకీలు బి. చంద్రశేఖరే మా కేసు నడపాలని పట్టుబట్టి సాధించుకున్నరు. 2007ల 21 మందికి యావజ్జీవం పడ్డది. 2014ల హైకోర్టు దాన్ని కొట్టేసింది, అది వేరే దుఃఖం.

బాధితులు కోరితే కలెక్టరు పేరున్న సీనియర్ వకీలును పెట్టొచ్చని, ఫీజు సర్కారే కట్టాలని 1995 నాటి అట్రాసిటీ రూల్సులనే ఉన్నది. ఊర్లల్ల ఎవరికీ ఎరుక లేదు, చెప్పేటోడూ లేడు. అట్ల వకీలును కోరే అర్జీ ఒక్క పేజీ. కావాల్సినోళ్లు కోర్టు కాడికొచ్చి నన్నడగండి, కూసొని రాసిస్త. పైసలొద్దు.